నలభై లక్షల వ్యూస్ వచ్చినా మా పాట ఏడాది లిస్టులోకి ఎందుకు ఎక్కలేదు?

అమలాపురం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "పోయిన సంక్రాంతికి ఒక ప్రైవేటు జానపద పాట వదిలాం. మొదట్లో గూగుల్ యాడ్స్‌కి డబ్బు పెట్టాం. యూట్యూబ్‌లో 40 లక్షల వ్యూస్ వచ్చాయి. తీర్థాల్లో, పెళ్ళిళ్ళలో, ఆటోల్లో మా పాటే మోగింది. కానీ డిసెంబరులో వచ్చిన టాప్ పాటల లిస్టుల్లో ఎక్కడా మా పేరు లేదు. మాకంటే తక్కువ హడావిడి చేసిన పాటలు ఉన్నాయి. ఈ లిస్టులు ఎలా వేస్తారు? రీల్స్‌లో పాట ఎలా లేస్తుంది? ఈసారి వ్యూస్ ప్యాకేజీ కొనమంటారా?"

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తానండి. భీమవరంలో క్యాసెట్ల షాపుతో మొదలుపెట్టాను. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే రోజులు వచ్చాయి, అవీ పోయాయి. ఇప్పుడు ప్రైవేటు పాటలు తీసేవాళ్ళకి ఛానెల్ చూసిపెట్టడం, ఆడియో యాప్‌లకు పాట పంపడం, నెలనెలా లెక్కలు చూడడం నా పని. రాగతాళాల గురించి నన్ను అడక్కండి. లెక్క గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. మీ పాట విన్నాను, అందులో లోటేమీ లేదు.

మీ ప్రశ్నలో "యాడ్స్‌కి డబ్బు పెట్టాం" అన్నారు చూశారా, సగం జవాబు అక్కడే ఉంది. ఇంకెవరి వీడియోకో ముందు మీ పాట యాడ్‌గా వచ్చి, చూసేవాడు స్కిప్ నొక్కకుండా 30 సెకన్లు ఉండిపోతే అది ఒక వ్యూ అవుతుంది. మీ వీడియో కింద కనబడే అంకెలో కలుస్తుంది కూడా. యూట్యూబ్ మ్యూజిక్ చార్టుల్లో మాత్రం కలవదు. 2019 దాకా కలిసేది. ఆ ఏడాది జులైలో ఒక హిందీ పాప్ పాటకి ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించుకున్నారు. అందులో యాడ్స్ వాటా ఎంత అని పెద్ద గొడవైంది. సెప్టెంబరుకల్లా యూట్యూబ్ నియమం మార్చింది. చార్టులకీ, 24 గంటల రికార్డులకీ జనం తమంతట తాము చూసినవే లెక్క, యాడ్ వ్యూస్ చెల్లవు అని చెప్పేసింది. యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ వివరాలు తెరవండి. మొత్తంలోంచి యాడ్స్ వాటా తీసేయండి. మిగిలింది మీ అసలు సరుకు. ఈ తీసివేత చేసి చూపించినప్పుడు మొహం మాడిపోని నిర్మాతను నేను చాలా తక్కువగా చూశాను.

ఇక ఏడాది లిస్టు. ఏడాదిలో అందరికంటే ఎక్కువ సందడి చేసిన పాట మొదటి స్థానంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. లిస్టు వేసేవాళ్ళు సందడి చూడరండి, వారం వారం వచ్చినదంతా కూడుతారు. ధవళేశ్వరం దగ్గర వరద వచ్చినప్పుడు నీటిమట్టం అడుగుల్లో చెప్తారు, టీవీలవాళ్ళంతా అక్కడే ఉంటారు. సీజను అయ్యాక సముద్రంలోకి మొత్తం ఎంత పోయిందో టీఎంసీల్లో చెప్తారు. ఏడాది లిస్టు ఈ రెండో లెక్క.

అమెరికా ఉదాహరణ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రికవాళ్ళు 1958 నుంచి హాట్ 100 అనే వారం లిస్టు వేస్తున్నారు. ఇప్పుడు అందులో స్ట్రీమింగు (నెట్ మీద యాప్‌లలో వినడం), రేడియోలో వేసినది, అమ్మకాలు మూడూ కలిపి చూస్తారు. డబ్బు కట్టి వినేవాడి స్ట్రీమ్‌కి, యాడ్స్ భరిస్తూ ఉచితంగా వినేవాడి స్ట్రీమ్‌కన్నా ఎక్కువ విలువ ఇస్తారు. 2021 ఏడాది లిస్టులో మొదటి స్థానం దువా లిపా పాడిన 'లెవిటేటింగ్'ది. ఆ పాట వారం లిస్టులో ఒక్కసారి కూడా నంబర్ వన్ కాలేదు. రెండో స్థానం దాకా వెళ్ళి ఆగిపోయింది, కాకపోతే నెలల తరబడి దిగలేదు. మరుసటి ఏడాది, 2022లో, మొదటి స్థానం గ్లాస్ యానిమల్స్ బ్యాండ్ 'హీట్ వేవ్స్'ది. అది 2020లో వచ్చిన పాట. హాట్ 100లో అడుగుపెట్టాక నంబర్ వన్ కావడానికి దానికి 59 వారాలు పట్టింది. మొదటి వారమే నంబర్ వన్‌గా దిగి తర్వాత త్వరగా జారిపోయిన పాటలు ఆ రెండేళ్ళలోనూ ఉన్నాయి. ఏడాది లిస్టులో మొదటి స్థానం వాటికి దక్కలేదు.

మన దగ్గర నడిచే యాప్‌లదీ ఇదే పద్ధతి. స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితే ఒక స్ట్రీమ్. 29వ సెకనులో మార్చేస్తే సున్నా. ఒకే మనిషి నెలలో ఇరవైసార్లు వింటే ఇరవై. అందుకే లక్ష మంది ఒక్కసారి విన్న పాటని, పదివేల మంది పొద్దున్నే బండి మీద వెళ్తూ రోజూ విన్న పాట పదకొండో రోజుకే దాటేస్తుంది. మీ పాటని మళ్ళీ మళ్ళీ వింటున్నారా లేదా అన్నది మీరు చూడాల్సిన మొదటి అంకె. శ్రోతల సంఖ్య పక్కన స్ట్రీమ్‌ల సంఖ్య ఉంటుంది, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి, చాలు.

తారీఖుల సంగతి కూడా తెలుసుకోవాలి. ఏడాది లిస్టు అంటే జనవరి నుంచి డిసెంబరు అనుకోకండి. బిల్‌బోర్డ్ ఏడాది అక్టోబరు, నవంబరు ప్రాంతంలోనే ముగిసిపోతుంది. స్పాటిఫై డిసెంబరు మొదట్లో ఇచ్చే ర్యాప్డ్ లెక్క జనవరిలో మొదలై నవంబరులో ఎక్కడో ఆగుతుంది. దసరా దాటాక వదిలిన పాటకి ఆ ఏడాది లిస్టులో చోటు దొరకడం కష్టం, వేడి మీదున్న వారాలు రెండేళ్ళ మధ్య చీలిపోతాయి. ఈ విషయంలో మన సంక్రాంతి సినిమాలవాళ్ళకి కలిసొచ్చింది. 'బుట్ట బొమ్మ' 2019 డిసెంబరు చివర్లో వచ్చింది, సినిమా 2020 జనవరి 12న. 'కుర్చీ మడతపెట్టి' 2023 డిసెంబరు ఆఖరులో వచ్చింది, సినిమా 2024 జనవరి 12న. కొత్త ఏడాది లెక్క మొదలయ్యేసరికి పాట జనం నోట్లో ఉంది, ముందు పదకొండు నెలలు ఉన్నాయి.

మన గోదారి పేరు పెట్టుకున్న పాట ఒకటి ఉంది కదా, దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 'గోదారి గట్టు మీద' 2024 డిసెంబరు 3న బయటికి వచ్చింది. భీమ్స్ సిసిరోలియో సంగీతం, భాస్కరభట్ల సాహిత్యం. సినిమా 2025 జనవరి 14న. అంటే జనానికి పాట ఒక్కటే చేతిలో ఉన్న కాలం ఆరు వారాలు. పాడింది రమణ గోగుల, మధుప్రియ. రమణ గోగుల గొంతు చాలా ఏళ్ళ తర్వాత వినబడింది, కాలేజీ రోజుల్లో ఆయన క్యాసెట్లు అరగదీసిన వయసువాళ్ళు అందుకోసం విన్నారు. మధుప్రియ గొంతు జానపదం వినేవాళ్ళకి చిన్నప్పటినుంచి తెలుసు. రెండు గుంపులు రెండు వైపుల నుంచి వచ్చి ఒకే పాట దగ్గర కలిశాయి. పైగా అది భార్యాభర్తల సరసం పాట. రీల్స్ అంటే కాలేజీ పిల్లల వ్యవహారం అని దూరంగా ఉన్న పెళ్ళైన జంటలకి ఒక సందు దొరికింది. మా వీధిలోనే చూశాను, ఎప్పుడూ ఫోను ముందు నిలబడని ఒకాయన భార్య పోరు పడలేక అరుగు మీద లుంగీతో రెండు అడుగులు వేశాడు. ఆయన రీల్‌కి వ్యూస్ ఎన్ని వచ్చాయన్నది పక్కన పెట్టండి. ఆ రెండు అడుగుల కోసం ఇంట్లో ఆ పాట ఎన్నిసార్లు మోగిందో ఆలోచించండి.

రీల్ చేసే మేలు అదే. రీల్ చూసినందుకు ఆడియో యాప్ లెక్కలో ఒక్క స్ట్రీమ్ కూడా కలవదు. యూట్యూబ్ షార్ట్స్ అయితే 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు వ్యూ కింద చూపిస్తోంది, కాబట్టి షార్ట్స్ వ్యూస్ చూసి మురిసిపోకండి. రీల్ చూసినవాడు ఆ పదిహేను సెకన్లు చాలక పూర్తి పాట కోసం వెళ్ళాలి. వెళ్ళాడా, దొరికిందా, దొరికాక ఉన్నాడా? ఈ మూడు చోట్లా పాటలు జారిపోతాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్ మన దేశంలో ఆగిపోయింది, జులైలో ఇన్‌స్టా రీల్స్ వచ్చాయి. యాప్ మారింది గానీ ఈ జారుడు మారలేదు. 'బుట్ట బొమ్మ'కి లాక్‌డౌన్‌లో డేవిడ్ వార్నర్ కుటుంబంతో కలిసి వేసిన స్టెప్పులు అంత పని చేశాయంటే, వెతికినవాడికి ఒకే పేరుతో, ఒకే చోట, పూర్తి వీడియో పాట సిద్ధంగా ఉంది కాబట్టి.

పాట దొరకడం అన్నది చిన్న విషయం అనుకోకండి. మనవాళ్ళు తెలుగు పాటని ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు. 'గోదారి' అన్న మాటనే డి పక్కన హెచ్ పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు, 'గోదావరి' అని మొత్తం రాసి మరొకరు కొడతారు. పాట అసలు పేరు వదిలేసి పల్లవిలో చెవినపడ్డ మాట కొట్టేవాళ్ళే ఎక్కువ. మీ పాట పేరు ఒకటి, జనం పాడుకునే లైను వేరు. వీడియో టైటిల్లో ఆ లైను ఎక్కడా లేదు. నేను రీల్ విని, ఆ లైను కొట్టి చూశాను. మూడో పేజీలో కూడా మీరు రాలేదు, వేరే ఊరివాళ్ళ పాట వచ్చింది. టైటిల్ ఇవాళే మార్చుకోండి.

దొరికాక ఉండడం సంగతి. నరసాపురం కుర్రాళ్ళు చేసిన ఒక పాటకి, ఏ సెకను దగ్గర ఎంతమంది ఉన్నారో చూపే గ్రాఫ్ ఈ మధ్య చూశాను. మొదట సన్నాయి, తర్వాత డప్పులు, తర్వాత పడవ మీద హీరో రావడం, పల్లవి మొదలయ్యేసరికి యాభై సెకన్లు. గ్రాఫ్ ఇరవయ్యో సెకను దగ్గర గోడ మీంచి దూకినట్టు పడిపోయింది, యాభై దగ్గర మళ్ళీ లేచింది. అంటే రీల్ విని వచ్చినవాళ్ళు వేలితో ముందుకి జరుపుకుని పల్లవి వెతుక్కుంటున్నారు. జరుపుకునే ఓపిక లేనివాళ్ళు వెళ్ళిపోయారు. వీడియోలో సన్నాయి ఉంచుకోండి, బాగుంటుంది. ఆడియో యాప్‌లకి పంపే పాటలో మాత్రం పల్లవి పది సెకన్లలోపు వినబడాలని నేను అందరితోనూ గొడవపడతాను. సగం మంది వినరు.

ఇప్పుడు మీ అసలు బాధకి వస్తాను: ఊరంతా మోగిన పాట లిస్టులో లేకపోవడం. మన డెల్టాలో పాట మోగే చోట్లు గుర్తు చేసుకోండి. ఆటోలో పెన్‌డ్రైవ్. ప్రైవేటు బస్సులో పెన్‌డ్రైవ్. చెరువు గట్టు మీద రొయ్యలకి కాపలా ఉండే కుర్రాడి బ్లూటూత్ స్పీకరు, అందులో ఎప్పుడో డౌన్‌లోడ్ చేసుకున్న ఫైళ్ళు. ఊరేగింపులో డీజే ల్యాప్‌టాప్. బ్యాండు మేళంవాళ్ళు వాయించుకుంటే సరే సరి. మావుళ్ళమ్మ జాతర రోజుల్లో భీమవరంలో ఒక పాట రోజుకి ఎన్నిసార్లు చెవిన పడుతుందో చెప్పలేం, వాటిలో ఏ యాప్ లెక్కలోకి వెళ్ళేదీ దాదాపు ఉండదు. మా మెమరీ కార్డుల రోజుల్లో కూడా ఇదే తంతు. కార్డు నిండా పాటలు ఎక్కించి పంపేవాళ్ళం, జిల్లా అంతా పాడుకునేది, ఎక్కడా దాని ఆనవాలు ఉండేది కాదు. మోత ఇక్కడ, లెక్క ఇంకెక్కడో. ఆ ఇంకెక్కడో ఉన్నవాళ్ళు మన మనుషులే: హైదరాబాదులో ఉద్యోగం చేసుకునేవాళ్ళు, కువైట్‌లో, మస్కట్‌లో పనికి వెళ్ళిన కోనసీమవాళ్ళు. ఊళ్ళో వీడియో కాల్ వెనకాల పాట వినబడితే అది ఏం పాట అని అడిగి, పెట్టుకుని, రాత్రి పని అయ్యాక వింటారు. నేను చూసే ఛానెళ్ళలో కోనసీమ పాట అంటే దేశాల పట్టికలో గల్ఫ్ ఎప్పుడూ పైనే ఉంటుంది.

కాబట్టి మోతని లెక్కలోకి తేవడమే మీ పని. అక్కడ మీకు ఒక పెద్ద చిల్లు ఉంది. మీ పాట బయట మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకటి మీరు ఎక్కించినది. రెండోది డీజే మిక్స్, వేగం పెంచి, మధ్యలో తీన్‌మార్ కలిపినది. మూడోది ఇన్‌స్టాలో ఎవరో ఊరేగింపులో ఫోనుతో తీసిన వీడియో, దాని శబ్దం వాళ్ళ పేరు మీద 'ఒరిజినల్ ఆడియో'గా నిలిచింది. మిగతావాళ్ళంతా ఆ మూడోదాన్నే నొక్కి రీల్స్ చేసుకున్నారు. దాని మీద ఉన్న రీల్స్, మీ అధికారిక ఆడియో మీద ఉన్నవాటికన్నా ఎక్కువ. అది నొక్కితే మీ పాట పేరూ రాదు, మీ లింకూ రాదు.

ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్‌సీ అని పన్నెండు అక్షరాలూ అంకెల కోడు ఉంటుంది. యాప్‌లు పాటని గుర్తుపట్టేది ఈ కోడుతోనే. వేగం మార్చిన మిక్స్ వేరే రికార్డింగు, దానికి వేరే కోడు. 'నాటు నాటు' సంగతి చూడండి. హిందీలో 'నాచో నాచో', తమిళంలో 'నాట్టు కూత్తు', ఇంకా కన్నడం, మలయాళం. ట్యూను ఒకటే అయినా రికార్డింగులు వేరు, దేని లెక్క దానిది. 2021 నవంబరులో పాట వచ్చినప్పుడు ఒకసారి, 2022 మార్చిలో సినిమా వచ్చినప్పుడు మరోసారి, 2023లో గోల్డెన్ గ్లోబ్, ఆస్కార్ వచ్చినప్పుడు ఇంకోసారి లేచిన పాట అది. ఆస్కార్ తర్వాత కొత్తగా వెతికినవాళ్ళంతా తెలుగు మాటే కొట్టారు కాబట్టి తెలుగుకి కలిసొచ్చింది. (కీరవాణి గారు మన కొవ్వూరులో పుట్టినవారు. సందర్భం లేకపోయినా ఈ ముక్క చెప్పకుండా ఉండలేం కదండీ.) అంత పెద్ద సినిమా భాషకొకటి విడిగా పెట్టుకున్నా తట్టుకుంటుంది. చిన్న పాట మూడు ముక్కలైతే మూడూ కనబడవు.

యూట్యూబ్‌లో దీనికి కొంత మందు ఉంది. ఎవరి వీడియోలో మీ ఆడియో ఉన్నా గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటులో మీ ఆడియో నమోదై ఉంటే, ఇంకెవరైనా మీ అసలు ఆడియో వాడి పెట్టిన వీడియోల వ్యూస్ కూడా టాప్ సాంగ్స్ చార్టులో మీ పాటకే చేరతాయి. పాటని యాప్‌లకి పంపే సంస్థని అడిగితే చేసిపెడతారు, చాలామంది ఆ గడిలో టిక్కు పెట్టడమే మర్చిపోతారు. ఊరేగింపులో స్పీకరు చిరిగిన శబ్దాన్ని మాత్రం అది ప్రతిసారీ పట్టుకుంటుందని నమ్మకండి.

ఆలస్యమైంది అని దిగులు పడకండి. 'బుల్లెట్టు బండి' కూడా ప్రైవేటు పాటే. 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఆగస్టులో తెలంగాణలో ఒక పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికూతురు ఆ పాటకి డాన్స్ చేస్తే ఆ వీడియో ఊళ్ళు తిరిగింది, నాలుగు నెలల పాత పాట మళ్ళీ కొత్తదైంది. పెళ్ళిళ్ళ సీజనులో మీ పాటకీ అలాంటి రెండో వాన పడొచ్చు. అప్పటికి టైటిలు, కోడు, అధికారిక ఆడియో సర్ది ఉండాలి.

అభిమాన సంఘాల గురించి కూడా అడిగేవాళ్ళుంటారు కాబట్టి చిన్నమాట. మ్యూట్‌లో పెట్టి పది ఫోన్లలో రాత్రంతా తిప్పే పార్టీలు, 24 గంటల రికార్డు పోస్టర్లు, 'ట్రెండింగ్ నంబర్ వన్' పోస్టర్లు, ఇవన్నీ పోస్టరు వరకే. ఆ ట్రెండింగ్ పేజీని యూట్యూబే 2025 జులైలో ఎత్తేసింది. ఈ పిచ్చి కొత్తదీ కాదు. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాకి అమీన్ సయానీ గారు ఏడాది చివర లిస్టు చదివేవారు. రికార్డుల అమ్మకాలతోపాటు శ్రోతల సంఘాల అభిప్రాయాలూ చూసేవారు. ఇక్కడ మనవాళ్ళు విజయవాడ రేడియో జనరంజనికి ఒకే పాట కోరుతూ ఇంటిల్లిపాది పేర్లతో కార్డులు రాసేవారు. కార్డు కొనడానికి డబ్బు, రాయడానికి ఓపిక కావాలి కాబట్టి అది కాస్త నయం.

ప్యాకేజీ కొనకండి. "లక్ష వ్యూస్ ఇంత, లక్ష స్ట్రీమ్స్ ఇంత" అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ళు ఇచ్చేది మనుషుల్ని కాదు, యంత్రాలని. యూట్యూబ్ అలాంటివాటిని పట్టుకుని తీసేస్తుంది. స్పాటిఫై అయితే 2024 నుంచి దొంగ స్ట్రీమ్స్ మరీ ఎక్కువగా దొరికిన పాటకి పంపిణీ సంస్థ మీద జరిమానా వేస్తోంది. వాళ్ళు ఆ జరిమానా మీ దగ్గర వసూలు చేస్తారు, లేదా మీ పాటనే దించేస్తారు. దించేశాక కష్టపడి వచ్చిన అసలు స్ట్రీమ్స్ కూడా దానితోపాటే పోతాయి.

ఆ డబ్బుతో ఈ పని చేయండి. మిక్స్ చేసిన డీజే కుర్రాణ్ణి పట్టుకోండి, మీ పక్క ఊళ్ళోనే ఎక్కడో ఉంటాడు. తిట్టకండి, మీ పాటని సగం ఊళ్ళకి చేర్చింది ఆయనే. మిక్స్‌ని మీ ఖాతాలోనే, ఆయన పేరు కూడా వేసి, అధికారికంగా ఎక్కిస్తామని చెప్పండి. వచ్చేదాంట్లో వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి. కొత్త పాట ఉంటే డిసెంబరు మొదటి వారానికి వదలండి, రీల్‌కి ఏ పదిహేను సెకన్లు మొదటిగా రావాలో పంపేటప్పుడే గుర్తు పెట్టి పంపండి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కదిలేలోపు డీజేల దగ్గర పాట ఫైలుతోపాటు అధికారిక ఆడియో లింకు కూడా ఉండాలి, వాళ్ళు పెట్టే రీల్స్ ఆ ఆడియో మీదే పెట్టమని ముందే మాట్లాడుకోండి. టైటిల్ మార్చాక ఒకసారి లింకు పంపండి, ఆ లైను కొట్టి చూసి చెప్తాను.